ఓడలో పుట్టిన చుట్టరికము

ఈనాడు చెన్నపట్టణమునుండి గాని హైదరాబాదునుండి గాని బయలుదేరినవాడు రెండు మూడు విమానములు మారి, రెండవనాటికో మూడవనాటికో ట్రినిడాడు ద్వీపమున దిగగలడు. దారిలో అతడు చూచునది మేఘములను. ప్రక్క ఆసనమున కూర్చున్నవాని పేరైనను అడుగడు. ఆ ద్వీపమున నేడున్న భారతీయ సంతతివారి పూర్వులు అట్లు పోలేదు. వారు మూడుమాసములపాటు ఓడలో పోయిరి. ఎక్కినప్పటి మనుష్యులు వేరు, దిగినప్పటి మనుష్యులు వేరు. నడుమ జరిగినది తెలియనిదే ఆ ద్వీపవాసుల చరిత్ర మనకు బోధపడదు.

ఈ కథకు మూలము పంచదార. 1834లో బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దయ్యెను. 1838 నాటికి మిగిలిన కట్లును తెగినవి. విముక్తులైన ఆఫ్రికావారు తోటదొరలు ఇచ్చిన కూలికి చెరకుతోటలలో పడియుండుటకు అంగీకరింపలేదు. అంతట దొరల కన్ను మన దేశముపై పడెను. ఐదేండ్ల ఒడంబడికమీద కూలీలను కొనిపోవు పద్ధతి ఏర్పడెను. ‘చినీదాద్’ అను చక్కెరదేశమునకు పోవుచున్నారని దళారులు చెప్పెడివారట. ఆ దేశము ఏ దిక్కున నున్నదో, ఎన్ని దినముల పయనమో వివరించి చెప్పిన దళారి అరుదు.

ట్రినిడాడుకు మొదట పోయిన ఓడ ‘ఫతేల్ రజాక్’. అది బొంబాయిలోని ఒక మహమ్మదీయ వర్తకునిది. 415 టన్నుల తెరచాప ఓడ. 1845 ఫిబ్రవరి 16న కలకత్తా విడిచి, మే 30న పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ఎదుట లంగరు దించెను. అనగా 103 దినములు. అందు దిగినవారు సుమారు 225 మంది. నేడు ట్రినిడాడులో మే 30 సెలవుదినము. భారతీయులు వచ్చిన దినమని దానికి పేరు.

ఓడదారి ఎట్టిదో ఒకసారి మనసున గీచికొనుడు. హుగ్లీనది దిగి బంగాళాఖాతము, అటుపై హిందూమహాసముద్రము, మడగాస్కరును కుడివైపున విడిచి ఆఫ్రికా దక్షిణాగ్రము. అక్కడ గాలులు ఎదురెదురుగ కొట్టును, అలలు కొండలవలె లేచును, చలి ఎముకలు కొరుకును. జీవితమున మంచు మాట విననివారికి అచ్చట కంబళ్లు పంచిపెట్టెడివారు. ఆ నీటికి మన కూలీలు ‘పాగల్ సముందర్’, అనగా పిచ్చి సముద్రమని పేరిడిరి. ఏ నావికుని పటములోను లేకున్నను ఇంతకన్న తగిన పేరు దానికి లేదు. దానిని దాటిన ఓడలు పెక్కు సెయింట్ హెలీనా దీవియొద్ద మంచినీరు పట్టుకొనెడివి. ఆపైన నిలుకడగ వీచు గాలుల వాలున అట్లాంటికును దాటి కరీబియను సముద్రము చేరును.

ఓడలోని కాపురమునకు ఒక కట్టుబాటు కలదు. ఒంటరి పురుషులు ముందుభాగమునను, సంసారులు నడుమను, ఒంటరి స్త్రీలు వెనుకభాగమునను పరుండవలెను. మెడలో అంకె చెక్కిన తగరపుబిళ్ల వ్రేలాడుచుండును. బియ్యము, పప్పు, నెయ్యి, ఆవనూనె, చింతపండు, పసుపు, ఉల్లి, మిరపకాయ, పొగాకు మనిషికి ఇంతయని తూచి ఇచ్చెడివారు. పొయ్యిలు ఓడపైభాగమున నుండును. వంటవాండ్రు భండారీలు, ఊడ్చువారు తోపాజీలు, కూలీలపై మేస్త్రీలు సర్దారులు. దిగులుపడినవాడు జబ్బుపడునని తలచి, సాయంకాలములందు మద్దెల వాయించి పాడుడని వైద్యుడే ప్రోత్సహించెడివాడు. ఇందు దయ ఎంతయో, లెక్క ఎంతయో చెప్పుట కష్టము; ఏలయన ప్రాణములతో ఒడ్డుచేరిన ఒక్కొక్క మనిషికి ఇంతయని ఆ వైద్యునికి బహుమానము ముట్టుచుండెను.

అందరును ఒడ్డుచేరలేదు. 1858లో కలకత్తానుండి ట్రినిడాడుకు పోయిన ‘సాల్సెట్’ ఓడలో మూడువందల ఇరువదిమందికి పైగా ఎక్కగా, దారిలోనే దాదాపు 120 మంది మరణించిరి. కెప్టెన్ స్వింటన్ వ్రాసికొన్న దినచర్య 1859లో అచ్చుపడినది. నేడొక బిడ్డ, నేడొక స్త్రీ, నేడిద్దరు అని తేదీల ప్రక్కన సాగిపోవు ఆ పుస్తకమును ఏకబిగిని చదువుట ఎవరికిని సాధ్యము కాదు. అంతకు ముందటి 1856-57 సంవత్సరములలో కలకత్తానుండి కరీబియనుకు పోయినవారిలో నూటికి పదిహేడుగురు ఓడలలోనే గతించిరి. కలరా, విరేచనములు, పసిబిడ్డలకు తట్టు. రేవు విడుచునప్పుడే ఓడలోనికి ఎక్కిన రోగములివి. విచారణలు జరిగిన పిదప నియమములు బిగిసినవి. ఉప్పునీటిని కాచి మంచినీరు తీయు యంత్రములు వచ్చినవి. చావులు చాలవరకు తగ్గినవి. ఇరువదవ శతాబ్దారంభమున పొగయోడలు రాగా పయనము సగమునకు తగ్గెను.

ఇక అసలు సంగతికి వత్తును. సముద్రము దాటినవాడు కులము చెడునని మనవారి నమ్మకము. ఓడలో ఆ భయము మొదటి వారమునే నిజమయ్యెను. ఒకే పొయ్యి, ఒకే నీళ్లపీపా, ప్రక్కప్రక్కనే పడకలు. ఎవరు ఎవరిని దూరముగ నుంచగలరు? అగ్రకులమువారిని వంటకు నియమించి కొంత నిలుపజూచిరి గాని, మూడుమాసములు చాల దీర్ఘకాలము. పోయిన కులమునకు మారుగ వారికొక క్రొత్త బంధుత్వము దొరకెను. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరికొకరు ‘జహాజీ భాయి’, ‘జహాజీ బహిన్’. ఇది నోటిమాట చుట్టరికము కాదు. జహాజీ సోదరుని బిడ్డను తన బిడ్డగ ఎంచి, ఆ రెండు కుటుంబముల నడుమ వివాహసంబంధము కూడదని పాటించిన ఇండ్లు కలవు. దిగిన పిమ్మట నెల్సన్ ద్వీపమున కొన్నినాళ్లుంచి, తోటలకు పంచివేసెడివారు. తోటవిడిచి పోవలెనన్న చీటీ కావలెను. అయినను సెలవునాడు కోసులదూరము నడచిపోయి, ఓడలో తనకు గంజి పోసిన ముదుసలిని చూచివచ్చెడివారు. తల్లిదండ్రులు ఎక్కడనో హుగ్లీకి ఆవల నుండిరి. ఆపదలో పిలిచినచో పలుకగలవారు వీరే.

ఇందు మనవారికిని పాలు కలదు. ఓడలు కలకత్తానుండియే కాక మద్రాసు రేవునుండియు సాగినవి. 1861 జూన్ 1న సెయింట్ విన్సెంటు ద్వీపము చేరిన తొలి ఓడ ‘ట్రావన్‌కోర్’ మద్రాసునుండి వచ్చినదే. ఫ్రెంచివారి గ్వాడలూపు ద్వీపమునకు 1854 డిసెంబరు 24న ‘ఓరెలీ’ అను ఓడ పుదుచ్చేరి కూలీలతో చేరెను; 1889 వరకు ఆ ద్వీపమునకు పోయిన భారతీయులు సుమారు 42,000. మద్రాసు ఓడలలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. కాని రేవు గుమాస్తా కలమునకు అంత తీరిక లేదు. ఎక్కిన రేవును బట్టి అందరును ‘మద్రాసీలు’ అయిరి. ఏలూరు మాండలికమా, నెల్లూరు మాండలికమా అని అడిగినవాడు లేడు. ఓడ చుట్టరికము నిచ్చినది నిజమే. ఆ ఓడ చిట్టాయే వారి భాష పేరును మింగివేసినది.

1845కును 1917కును నడుమ ట్రినిడాడు ఒక్కదానికే పోయినవారు సుమారు 1,44,000. 1917 ఏప్రిల్ 22న చేరిన ‘గంగెస్’ పొగయోడ ఆ వరుసలో తుదిది. ఒడంబడిక ప్రకారము తిరిగివచ్చుటకును అవకాశము కలదు, కొందరు వచ్చిరి. ఊరిలో ప్రాయశ్చిత్తమునకు విందు అడిగిరి, దాచుకొన్న డబ్బు కరగిపోయెను, పంక్తిలో మాత్రము చోటు దొరకలేదు. అట్టివారిలో పలువురు మరల కలకత్తాకు నడచి, రేవునకు చేరువ మటియాబుర్జ్ పేటలో గుడిసెలు వేసికొని, తిరిగి కరీబియనుకు పోవు ఓడ ఎప్పుడు వచ్చునా అని ఎదురుచూచుచు కూర్చుండిరి. 1920 దశకమున వందలకొలది అట్లుండిరి. ఓడ వచ్చునని ఎవరేని చెప్పినంతనే మూట కట్టుకొని రేవునకు పరుగెత్తెడివారు.