పేరు దాచుకున్న స్త్రీ

మన హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చొని తమ వంశవృక్షమును వెదకువారు అనేకులు. అట్టివారు రాజమండ్రిలో కాపురమున్న ఒక ఇంగ్లీషు స్త్రీ సంగతి వినాలి.

1843లో లండన్‌లో 'లెటర్స్ ఫ్రమ్ మద్రాస్' అను పుస్తకము వెలువడింది. అవి 1836 నుండి 1839 వరకు వ్రాసిన ఉత్తరాలు. వ్రాసినామె పేరు లేదు, 'ఒక స్త్రీ' అని మాత్రమే ఉన్నది. ఎవరీమె? రాజమండ్రి జడ్జి జేమ్స్ థామస్ భార్య జూలియా. భార్యాభర్తలు అక్కడ పిల్లలకు బడి కూడా పెట్టారు. భర్త పోయిన తరువాత ఆమె మెయిట్‌లాండ్ అను ఆయనను వివాహమాడింది.

ఆమె అమ్మమ్మ చార్లెట్ బర్నీ. ఆ అమ్మమ్మకు స్వంత అక్క, పేరుగాంచిన నవలా రచయిత్రి ఫ్యానీ బర్నీ. ఫ్యానీ దినచర్యలను 1842 నుండి అచ్చు వేయించినది జూలియా తల్లి చార్లెట్ బారెట్. ఆ కుటుంబపు ఉత్తరాలు నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. చూడండి, ఆ ఇంటి ఆడవారు వ్రాశారు, వ్రాసినది భద్రపరచారు. గనుక దాచిన పేరు కూడా దొరికింది.

మరి మన సంగతి? మా నాయనమ్మ తల్లి పేరు నాకు తెలియదు. అడుగుదామంటే చెప్పేవారు లేరు. మీ ఇంట పెద్దవారు ఇంకా ఉన్నారా? ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి. ఆ పేర్లు మీ కుటుంబ బైబిలు మొదటి పుటలో వ్రాసిపెట్టండి.