శిస్తు లెక్కల్లో పుట్టిన హక్కు

భూమి కొనేవారిని నిండా ముంచే నమ్మకం ఒకటుంది: రిజిస్ట్రేషన్ అయితే ఇక భూమి మనదేనని. మన చట్టంలో రిజిస్ట్రేషన్ అమ్మకం జరిగిందనడానికే రుజువు. అమ్మినవారికి హక్కు ఉందని ప్రభుత్వం ఇచ్చే హామీ కాదు. ఈ లోటుకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది.

మన భూమి రికార్డులు యజమాని కోసం కాదు, శిస్తు కోసం పుట్టాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు ఉత్తర సర్కారుల్లో జమీందార్లను నిలబెట్టింది. దత్త మండలాల్లో థామస్ మన్రో రైతుతోనే నేరుగా లెక్క తేల్చుకునే రైత్వారీకి బాట వేశాడు. నిజాం రాజ్యంలో మొదటి సాలార్ జంగ్ సంస్కరణల తర్వాత సర్వే, దాని ఆధారంగా రాసిన తొలి భూమి రికార్డు సేత్వారు వచ్చాయి. ఎక్కడైనా అధికారి అడిగింది ఒకటే: ఈ భూమికి శిస్తు కట్టేదెవరు?

1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజుకు విలువ తెచ్చాయి. కానీ రిజిస్ట్రేషన్ ఒక శాఖ, రెవెన్యూ మరో శాఖ. ఒక చోట నమోదైన అమ్మకం రెండో చోటికి చేరాలంటే మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు కావాలి. ఆ మధ్య ఖాళీలోనే డబుల్ రిజిస్ట్రేషన్లు పుట్టుకొచ్చాయి.

స్వాతంత్ర్యం వచ్చాక చిక్కుముడి ఇంకా బిగిసింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వరుసగా వచ్చాయి. ఆ కౌలుదారీ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారు యజమాని అయ్యాడు. పట్టాదారు వారసుల దగ్గర కొన్నవారికి ఆ కౌలుదారు వారసులు ఎదురవడం తెలంగాణలో కొత్త కాదు. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. అలాంటి భూమిని కొన్నవారికి హక్కు దక్కలేదు.

పాత పహాణీ (గ్రామ సాగు రికార్డు) ఒకటి తీసి చూడండి. పట్టాదారు గడిలో ఒక పేరు, అనుభవదారు గడిలో ఇంకో పేరు కనిపిస్తే వివాదం అక్కడే మొదలవుతుంది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. సాదాబైనామా (తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం), నోటిమాట పంపకం అందులో కనిపించవు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద నడిచే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ తీర్పులో తేల్చింది.

ఈ లోటు పూడ్చే ప్రయత్నాలూ జరిగాయి. తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌నూ మ్యుటేషన్‌నూ తహసీల్దారు దగ్గరే కలిపింది. అయితే తప్పు పడితే అప్పీలుకు దారి లేక రైతులు నలిగిపోయారు. 2025లో వచ్చిన భూభారతి ఆ దారి తెరిచింది. ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టం, సివిల్ కోర్టుల పాత్ర తగ్గిపోతుందన్న భయాల నడుమ 2024లో రద్దయింది.

ఈ చరిత్ర నేర్పేది స్పష్టం. తప్పుల రికార్డును కంప్యూటర్‌కెక్కిస్తే తప్పే శాశ్వతమవుతుంది. ముందు సర్వే జరగాలి, ఆ తర్వాతే ప్రభుత్వం హక్కుకు హామీ ఇవ్వాలి. ఆ హామీ వచ్చేదాకా కొనేవారు లింకు డాక్యుమెంట్లు వరుస తెగకుండా చూడాలి. సేత్వారు లేదా ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) నుంచి పేర్లు ఎలా మారాయో పరిశీలించాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితా వెతకాలి, కోర్టు కేసులు ఆరా తీయాలి, పొలంలోకి దిగి సాగు చేస్తున్నదెవరో అడగాలి. ఒక కుటుంబం జీవితకాలపు పొదుపుకు ఈ మాత్రం జాగ్రత్త తప్పనిసరి.