చింపాంజీల టీ పార్టీ

ఇంటికి చుట్టాలొస్తే పిల్లవాడి చేత పద్యం చెప్పించడం మనకో సరదా. లండన్ జూలో 1926లో ఆ ముచ్చట చింపాంజీ పిల్లలతో మొదలుపెట్టారు. బల్ల, కుర్చీలు, కప్పులూ సాసర్లూ, చుట్టూ మూగిన జనం! చిక్కేమిటంటే, అవి ఇట్టే మర్యాద నేర్చుకుని బుద్ధిగా టీ తాగసాగాయి. మరి జనం నవ్వేదెలా? అందుకని టీ ఒలకబోయడం, కప్పులు విసరడం పనిగట్టుకుని నేర్పారట! మన పిల్లలైతే వీపు మీద రెండు పడేవి.

1972లో ఈ వేడుక ఆపేశారు. పాపం, అలా మనుషుల మధ్య పెరిగిన చింపాంజీలు పెద్దయ్యాక సొంత జాతివాళ్ళతో మసులుకోవడం తెలియక నానా అవస్థా పడ్డాయి. ఒకదాని ఒళ్ళు ఒకటి దువ్వుకోవడం, గుంపులో పెద్దదానికి ఒదిగి ఉండడం, ఇవన్నీ తల్లి దగ్గర, తోటిపిల్లల మధ్య నేర్చుకోవలసిన విద్యలు కదూ!