కరోడ్గిరి నుండి విద్యుత్ కారు దాకా: ఏది స్వదేశీ?

పరదేశపు పేరు గల కారును మన గడ్డమీద తయారుచేస్తే అది స్వదేశీ వస్తువు అవుతుందా? విద్యుత్ కార్లు వచ్చిన తరువాత ఈ వాదం మళ్ళీ వినవస్తున్నది. మా పాలమూరు సీమకు మాత్రం ఇది పాత ప్రశ్నే.

1948కి పూర్వం గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ఏలుబడికి లోబడి ఉండేవి. తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోనిది. అక్కడి సరుకు ఏరు దాటి అలంపురం వైపు వస్తే నిజాం ప్రభుత్వపు కరోడ్గిరి శాఖకు సుంకం చెల్లించవలసినదే. ఆ సుంకం సామాన్యంగా నూటికి అయిదు. కర్నూలు తెలుగువాడు చేసిన వస్తువు అలంపురం తెలుగువానికి పరదేశపు సరుకన్నమాట. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన పిదప ఆ సుంకాలు క్రమంగా తొలగిపోయాయి. వస్తువులో ఏ మార్పూ లేకుండానే దాని దేశం మారిపోయింది. కాబట్టి సరిహద్దు ఒక్కటే కొలత కాజాలదు.

పోనీ, ముడిసరుకును బట్టి నిర్ణయిద్దామా? 1905లో స్వదేశోద్యమం విదేశీ వస్త్రాన్ని బహిష్కరించింది. గాంధీగారి కాలానికి విచారణ మరింత సూక్ష్మమైనది. పరాయి నూలుతో మన మగ్గంమీద నేసిన బట్ట స్వదేశీయా? 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం చేతితో వడికి చేతితో నేసినదానినే ఖద్దరుగా అంగీకరించింది. అంత కఠినమైన గీటురాయిమీద మా గద్వాల చీర నిలువదు. దాని పట్టు బెంగుళూరు నుండి, జరీ సూరతు నుండి వస్తాయి. అయినా దానిని మరో ఊరి చీర అన్నవారు లేరు. నూలు ఒంటికి పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేసే నేర్పు గద్వాలది. ఏ అంచుకు ఏ బుటా నప్పుతుందో నిశ్చయించే బుద్ధి కూడా అక్కడిదే.

ఇక కార్ల సంగతి. 1983లో వెలువడిన మారుతి 800 జపాను సుజుకీవారి సాంకేతికతతో పుట్టినది. తొలుత భాగాలు చాలావరకు జపాను నుండే వచ్చేవి. రానురాను ఇక్కడి కర్మాగారాలు వాటిని చేయనేర్చాయి. 2002లో సంస్థపై అధికారం సుజుకీ చేతికి పోయినా జనం దానిని పరాయిదనుకోలేదు.

హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే 44వ జాతీయ రహదారి మా పెబ్బేరు, అలంపురం చౌరస్తాల మీదుగా సాగి, అనంతపురం దాటి పెనుకొండ చేరుతుంది. అక్కడ కొరియా దేశపు కియా సంస్థ 2019 నుండి కార్లు తయారుచేస్తున్నది. 2025 జూలైలో ఆ సంస్థ ఇక్కడే తయారైన తన తొలి విద్యుత్ కారు, కారెన్స్ క్లావిస్ ఈవీని విడుదల చేసింది. ఇది మనదా, కొరియాదా?

ప్రభుత్వం దీనికి లెక్క కట్టింది. 2021 నాటి 25,938 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం వర్తించాలంటే వాహనపు విలువలో కనీసం 50 శాతం దేశంలోనే చేకూరాలి. 2024 నాటి విద్యుత్ కార్ల పథకం మూడేండ్లలో 25 శాతం, అయిదేండ్లలో 50 శాతం అన్నది. ప్రజాధనం వెచ్చించేటప్పుడు ఈ లెక్క అవసరమే. కాని అది విలువను కొలుస్తుంది, విద్యను కొలవదు.

తెలుగు వ్యాకరణం చదివినవానిగా నాకొకటి తోస్తున్నది. మన పూర్వులు పదాలను మనవి, పరాయివి అని రెండుగా చీల్చి ఊరుకోలేదు. తత్సమం, తద్భవం, దేశ్యం అని విభజించారు. పూర్తిగా తయారై ఓడలో దిగిన కారు తత్సమం వంటిది. ఇక్కడి చేతులలో రూపు దిద్దుకొన్నది తద్భవం. ఇక్కడి ఆలోచనలోనే పుట్టినది దేశ్యం. ఈ లెక్కన పెనుకొండ కారు తద్భవం. అది చులకన మాట కాదు, తద్భవాలు లేని తెలుగు ఎక్కడున్నది? అయితే తద్భవాలతోనే తృప్తిపడిన జాతికి సొంత మాట మిగలదు.

వనపర్తి రాజప్రాసాదంలో నెలకొన్న పాలిటెక్నిక్కులో చదివిన పిల్లవాడు, నాగర్‌కర్నూలు నుండి పనికి పోయిన పిల్లవాడు ఆ కర్మాగారాలలో మరలు బిగించడంతోనే ఆగిపోతారా, మోటారును, బ్యాటరీని స్వయంగా రూపొందించే స్థానానికి ఎదుగుతారా? కారుమీది పేరు ఏ దేశానిదైనా, అది మనదో కాదో తేల్చవలసినది ఈ ప్రశ్నకు వచ్చే జవాబే.