విరగాల్సిన చోటు

ఎడ్లబండి ఇరుసు తిరగదు. అది బరువు మోస్తుంది, చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. సీల ఊడకుండా చూసుకుంటూ అప్పుడప్పుడు కందెన పెడుతుంటే చాలు. మోటారు బండి వచ్చాక వెనక ఇరుసుకి ఇంకో చాకిరీ తగులుకుంది. బరువు మోస్తూనే చక్రాన్ని తిప్పాలి. ముందు ఇరుసు మాత్రం మోస్తూ, చక్రాన్ని అటూ ఇటూ మళ్ళిస్తూ హాయిగా ఉండేది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందాలనుకున్న రోజున దాని హాయి పోయింది. మొయ్యాలి, తిప్పాలి, మళ్ళించాలి, మూడూ ఒకేసారి. చక్రం మళ్ళితే లోపల తిరిగే కడ్డీ కూడా దానితో పాటు వంగాలి, వంగి కూడా తిరుగుతూనే ఉండాలి. ఉక్కు కడ్డీ అలా వంగదు కాబట్టి అక్కడొక కీలు పెట్టాలి. నూట ఇరవై ఏళ్ళుగా ముందు ఇరుసుతో కుస్తీ పడుతున్నవాళ్ళందరూ నిజానికి కుస్తీ పడుతున్నది ఆ కీలుతోనే.

హాలండులో స్పైకర్ సోదరుల కంపెనీ 1903లోనే నాలుగు చక్రాలూ లాగే పెట్రోలు కారు చేసింది. కానీ ఆ పద్ధతి బురదలో నిలబడి నాలుగు డబ్బులు సంపాదించింది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో. ఒట్టో జాకో, విలియం బెసర్‌డిచ్ అనే బావా బావమరుదులు అక్కడ మెషిన్ షాపు నడిపేవాళ్ళు. జాకో కారు ఒకసారి పల్లంలో దిగబడిందట. ముందుకు ఎంత లాగినా రాని బండి రివర్సు వేస్తే మాత్రం గట్టెక్కిందట. అలాంటప్పుడు వెనక చక్రాలతో పాటు ముందువీ లాగితే పోలా అనుకున్నాడని ఆ ఊరి కథ. కథ సంగతెలా ఉన్నా, 1908లో అతని చేతికొచ్చిన పేటెంటు మాత్రం నిజం. ఆ పేటెంటులోని కీలకం ఇంజనూ కాదు, గేర్లూ కాదు. ముందు చక్రం దగ్గర ఒక గుండులో దాచిన కీలు. గుండు బరువు మోస్తుంది, దాని లోపల కీలు తిరుగుతుంది. వీళ్ళు పెట్టిన ఎఫ్‌డబ్ల్యూడీ కంపెనీ లారీలు మొదటి ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో ఫ్రాన్సు బురదలోకి వెళ్ళాయి. బెసర్‌డిచ్ తర్వాత విడిపోయి 1917లో ఇంకో కంపెనీ పెట్టాడు. ఇవాళ్టికీ సైన్యానికి బండ్లు చేస్తున్న ఆష్‌కాష్ అదే.

కీలు అన్నది జాకో కొత్తగా కనిపెట్టిందేం కాదు. రెండు పంగలు, మధ్యలో కూడిక గుర్తులాంటి ముక్క. మన మెకానిక్కులు దాన్ని ‘క్రాస్’ అంటారు. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ దీన్ని వివరించాడు. దీనికొక పుట్టుకతో వచ్చిన అవకరం ఉంది. కడ్డీ వంగినప్పుడు ఇవతలి వైపు నిలకడగా తిరుగుతున్నా అవతలి వైపు నిలకడగా తిరగదు. ముప్పై డిగ్రీలు వంచితే, ఒక్కో చుట్టులో రెండుసార్లు సుమారు 13 శాతం వెనకబడి, రెండుసార్లు సుమారు 15 శాతం ముందుకు దూకుతుంది. తిన్నగా పోతున్నంతసేపూ తెలియదు. స్టీరింగు ఫుల్ కట్ కొట్టి యాక్సిలరేటర్ తొక్కితే చేతుల్లోకి కుదుపు వస్తుంది.

ఈ కుదుపు పోగొట్టడానికి 1920లలో ఇద్దరు ముగ్గురు ఒకే కాలంలో తలలు బద్దలు కొట్టుకున్నారు. ఫ్రాన్సులో జాన్ ఆల్బెర్ గ్రెగ్వార్, పియెర్ ఫెనాయ్ కలిసి ట్రాక్టా అనే కీలు చేశారు. అమెరికాలో కార్ల్ వైస్ ఒకటి చేశాడు. ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా చేసినది అన్నిటికంటే అందమైనది. ఒక గిన్నె, గిన్నెలో ఒక గుండు, రెండిటికీ గాళ్ళు, ఆ గాళ్ళలో ఆరు ఉక్కు గోళీలు. గోళీలన్నిటినీ ఒక పంజరం పట్టి ఉంచుతుంది. కడ్డీ ఎంత వంగినా గోళీలు సరిగ్గా ఆ వంపును సగానికి కోసే తలం మీదే ఉంటాయి. రెండు వైపులకీ అవి సమదూరం. అందుకే రెండు వైపులా వేగం ఒకటే. చెప్పడానికి రెండు మాటలు. ఆ గాళ్ళను అంత ఖచ్చితంగా చెక్కడానికి మాత్రం ప్రత్యేకమైన గ్రైండింగ్ మెషిన్లు కావాలి.

1940లో అమెరికా సైన్యం తేలికపాటి నిఘా బండి కావాలని అడిగింది. పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊరి చిన్న కంపెనీ బాంటమ్ ఒప్పుకుంది. డిజైనరు కార్ల్ ప్రాబ్‌స్ట్ దగ్గర సమయం వారాల లెక్కలో ఉంది. ఇరుసు కొత్తగా చేసుకునే తీరిక లేదు. స్పైసర్ కంపెనీ స్టూడిబేకర్ ఛాంపియన్ కారు కోసం చేస్తున్న ఇరుసునే ఇటు మలుచుకున్నారు. అంటే తర్వాత జీపుగా పేరుపడ్డ ఆ బండి ముందు ఇరుసు పుట్టుకే ఒక సర్దుబాటు. సెప్టెంబరు 23న మొదటి బండి సైన్యానికి అందింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ లక్షల్లో చేస్తుంటే కీళ్ళు చాలలేదు. జెప్పావి కొన్ని, బెండిక్స్-వైస్‌వి కొన్ని, ట్రాక్టావి కొన్ని, ఏది దొరికితే అది బిగించారు.

యుద్ధం అయిపోయాక ఆ జీపులు చవగ్గా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు వాటిని రైతుపనికే ఉంచుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల మీద రూబికన్ దారి అని ఒకటుంది. దారి అనడం మర్యాద, నిజానికది గ్రానైటు బండల గుట్ట. 1953 నుంచి జార్జ్‌టౌన్ వాళ్ళు ఏటా జీపుల గుంపుని దాని మీదుగా తీసుకెళ్ళడం మొదలెట్టారు. పని కోసం పుట్టిన బండి సరదాకి బండలెక్కింది. అప్పటి నుంచి విరగడాలు ఎక్కువయ్యాయి.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. యుద్ధకాలపు విల్లీస్ ఇంజను టార్కు సుమారు 142 న్యూటన్ మీటర్లు. ఫస్టు గేరు 2.665, లో-రేంజి 1.97, ఇరుసులోని క్రౌన్ పినియన్ 4.88. మూడూ గుణిస్తే ఇరవై అయిదున్నర రెట్ల పైమాట. కాగితం మీద 3,600 న్యూటన్ మీటర్లు. 2003లో వచ్చిన జీప్ రాంగ్లర్ రూబికన్‌లో ఇంజనుదే సుమారు 319. గేర్లన్నీ కలిపి దాన్ని దాదాపు 66 రెట్లు చేస్తాయి. అంటే 21,000. ఇందులో చాలా భాగం షాఫ్టుల దాకా రాదు. నాలుగు చక్రాలకీ పంచాలి, ఎక్కడో ఒక టైరు జారిపోతుంది. టైరు జారడమే షాఫ్టుకి శ్రీరామరక్ష. ఆ రక్షను ఆఫ్‌రోడ్ వాళ్ళు చేతులారా తీసేస్తారు. 28 అంగుళాల టైరు తీసి 35 అంగుళాలది వేస్తే పట్టు పెరుగుతుంది, మీట పొడవూ పెరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులకీ సమానంగానే టార్కు ఇస్తుంది కాబట్టి ఒకటి గాల్లో లేస్తే రెండోదానికీ ఏమీ అందదు. రెండు వైపులనీ కలిపి బిగించే లాకర్ వేస్తే వచ్చినదంతా నేల మీదున్న ఒక్క చక్రానికే పోతుంది, అంటే ఒక్క షాఫ్టుకి, ఒక్క కీలుకి. దీని పైన స్టీరింగు ఫుల్ కట్. రాయికి ఆనుకున్న టైరు. డ్రైవరు కాలు.

ఈలోగా జీపు కీలు మళ్ళీ హుక్ దగ్గరికే వెళ్ళింది. ఏఎంసీ కంపెనీ చేతికొచ్చాక 1972లో జీపుకి అయిదు లీటర్ల వీ8 ఇంజను కూడా ఇచ్చారు. ముందు ఇరుసు డానా 30, బయటికి కనబడే క్రాసుతో. స్పైసరే కాలక్రమంలో డానా అయింది. డానా ఇరుసుల పేర్లలో కనబడే 30, 44, 60 అంకెలు మోడల్ నంబర్లు మాత్రమే. ఆఫ్‌రోడ్ వాళ్ళు మాత్రం వాటిని పెళ్ళిచూపుల్లో జీతంలా అడుగుతారు. పెద్దది ఎందుకు బలమైనదో కొలిచి చూడొచ్చు. డానా 30 షాఫ్టు పళ్ళ దగ్గర మందం సుమారు 1.16 అంగుళాలు, 44ది సుమారు 1.3, 60ది ఒకటిన్నర. మెలితిప్పుని తట్టుకునే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. అందుకే కంటికి కనబడీ కనబడని ఆ తేడా 30 నుంచి 44కి వెళ్తే 40 శాతం, 60కి వెళ్తే రెట్టింపు పైన అవుతుంది.

అయితే ఇరుసు మొత్తం మార్చడం డబ్బున్నవాళ్ళ పని. మిగతావాళ్ళు విరిగిన ముక్కను చేతిలో పట్టుకుని, ఎక్కడ విరిగిందో చూసి, అదొక్కటే మార్చారు. నాకు ఈ కథలో నచ్చే భాగం ఇదే. మొదట క్రాసు మీద కన్ను పడింది. గ్రీజు పెట్టే క్రాసుకి లోపల దారి ఉంటుంది, అంటే దాని పొట్ట తొలిచి ఉంటుంది. గ్రీజు నిప్పిల్ లేని, పొట్ట నిండుగా ఉన్న క్రాసు ఎక్కువ బరువు లాగుతుంది. కందెన పెట్టేదే మంచిదని బుద్ధి తెలిసినప్పటి నుంచీ విన్నవాడికి ఇది మింగుడుపడదు. తర్వాత క్రాసు విరగడం మానింది, పంగ చెవులు సాగడం మొదలైంది. చెవి కాస్త తెరుచుకుంటే టోపీలాంటి బేరింగ్ కప్పు బయటికి జారుతుంది. దాన్ని ఆపడానికి నిండు గుండ్రటి క్లిప్పులు వేశారు, కొందరు కప్పును చుక్కలా వెల్డింగు కూడా చేశారు. అప్పుడిక షాఫ్టు ఉక్కు వంతు. మామూలు షాఫ్టు 1040 రకం, ఖరీదైనది 4340. చివరి 40 రెండిటిలోనూ ఒకటే, కర్బనం 0.40 శాతం. తేడా నికెల్, క్రోమియం, మాలిబ్డినమ్‌లది. అవి కలిస్తే కాచి చల్లార్చినప్పుడు గట్టితనం పైపొరలోనే ఆగకుండా లోపలికి దిగుతుంది.

షాఫ్టు గట్టిపడగానే జబ్బు క్రౌన్ పినియన్‌కి పాకింది. వెనక ఇరుసు కోసం చేసిన గేర్లనే ముందు పెడితే, బండి ముందుకు పోయేటప్పుడు పళ్ళ బలహీనమైన వైపు మీద లోడు పడుతుంది. అద్దంలో బొమ్మలా తిరగేసి కోసిన గేర్లలో పినియన్ పైకి వస్తుంది, లోడు బలమైన వైపు పడుతుంది. 1970ల చివరి ఫోర్డ్ ట్రక్కుల ముందు ఇరుసుల కోసం జనం పాత సామాను యార్డులన్నీ గాలించింది అందుకే. పాత జీప్ చెరోకీ డానా 30 కూడా చిన్నదే అయినా ఈ రకందే కాబట్టి గౌరవం పొందింది. 2003 రూబికన్‌లో ఇంకో తమాషా ఉంది. ముందు పెట్టింది డానా 44. గుండ్రటి మధ్యభాగం 44దే, లోపలి షాఫ్టూ 44దే. చివర్లలోని నకిళ్ళు, బాల్ జాయింట్లు, క్రాసు కొలత మాత్రం డానా 30వి. పొట్ట పెరిగింది, మణికట్టు పెరగలేదు.

ఈ కథ మన దగ్గరికి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, 1940ల చివర్లో మహీంద్రా ముంబైలో విల్లీస్ జీపులు బిగించడం. రెండోది 1985లో వచ్చిన మారుతి జిప్సీ. జిప్సీ ముందు చక్రం దగ్గర చూస్తే జాకో గుండే కనబడుతుంది, దాని లోపల జెప్పా గోళీలు. ఆ జాయింటును అందరూ బర్‌ఫీల్డ్ అంటారు. బర్‌ఫీల్డ్ అన్నది జెప్పా కీలును మెరుగుపరిచి 1959లో మినీ కారుకి అందించిన ఇంగ్లండు కంపెనీ పేరు. నేను ఒక ఏటి ఇసుకలో ఇది విరగడం విన్నాను. ఫుల్ కట్‌లో రివర్సు తొక్కితే ‘టప్’మని ఒకే చప్పుడు, ఆ తర్వాత ప్రతి చుట్టుకీ కటకట. విప్పితే గోళీలు చెక్కుచెదరలేదు, పంజరం రెండు ముక్కలైంది. 2010 మహీంద్రా థార్‌కి ముందు రెండు చక్రాలూ విడివిడిగా ఆడే సస్పెన్షన్ ఇచ్చారు, రోడ్డు మీద సుఖం. కొందరు ఆ సుఖాన్ని విప్పి పక్కన పారేసి, పాత జీపుల నిండు ఇరుసు బిగించుకున్నారు.

చేయి తిరిగిన మెకానిక్కుని ‘అన్నా, అన్నిటికంటే గట్టిది వెయ్యి’ అని అడిగితే వెంటనే ఒప్పుకోడు. ఏ టైరు, లాకరు ఉందా, ఎక్కడ తిప్పుతావు, విరిగితే ఊరికి ఎంత దూరం అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. క్రాసు విరిగితే ఏటి ఒడ్డున గంటలో మార్చొచ్చు, కాకపోతే ముక్క ఎగిరి బాల్ జాయింటుని కొట్టకుండా ఉండాలి. క్రౌన్ పినియన్ విరిగితే బండిని లాక్కురావాల్సిందే. హౌసింగ్ గొట్టం వంగితే చక్రాలే వంకరపోతాయి. అందుకే షాఫ్టులూ క్రాసులూ గట్టివి వేసినవాళ్ళలో కొందరు చివరి హబ్బును మాత్రం కావాలనే వాటికంటే మెత్తగా ఉంచుతారు. అది చక్రం బయటే ఉంటుంది, కొన్ని బోల్టులు విప్పితే చేతిలోకొస్తుంది. అలాంటివాళ్ళ బండి వెనక సీటు కింద చూస్తే గోనెపట్టాలో చుట్టిన రెండు హబ్బులు, ఒక పొట్టి షాఫ్టు, ఒక పొడుగు షాఫ్టు, గ్రీజు డబ్బా ఉంటాయి.