ఊరికే తిరగడం నేరమైన దీవి

మా రామచంద్రపురం వైపు దీవిని లంక అంటారు. గోదావరి మధ్యలో ఇసుక మేటవేసి, దాని మీద ఒండ్రు చేరి, ఎవరో ధైర్యం చేసి అరటీ, కూరగాయలూ వేస్తే అది లంక. ఏటా జులై, ఆగస్టు నెలల్లో పశువుల్ని పడవెక్కించి గట్టుకి చేర్చాల్సిన చోటు. 1986 ఆగస్టు వరద గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు. లంకలో ఉండేవాడికి దీవి అంటే నీళ్ళు ఎప్పుడొస్తాయో చూసుకుంటూ బతికే పొలం.

పాత పుస్తకాల్లోకి వెళ్తే ఇంకో మాట దొరుకుతుంది. ద్వీపాంతరవాసం. అంటే అండమాన్ శిక్ష. మనిషిని ఊరికీ, కులానికీ, కుటుంబానికీ దూరం చెయ్యడానికి ప్రభుత్వం వాడిన చోటు దీవి. ఈ రెండు మాటల్లోనూ విశ్రాంతి లేదు. హాయిగా పడుకోడానికి డబ్బులిచ్చి దీవికి వెళ్ళడం అనే ఆలోచనకి తెలుగులో సొంత మాట లేదు. అందుకే కాబోలు ఐలాండ్ అనే మాటనే వాడుకుంటున్నాం.

ఇప్పుడీ మాటల లెక్క ఎందుకంటే, ఈ డిసెంబరు సెలవులకి మారిషస్ వెళ్ళాలా వద్దా అని మా ఇంట్లో నెల రోజులుగా నడుస్తోంది. ఎనిమిది రోజులు, ముగ్గురం, కొత్త కారుకి కట్టే డౌన్ పేమెంట్ అంత ఖర్చు. మా ఆవిడ వాదన చాలా సూటిగా ఉంది: "రెండేళ్ళుగా నీ ఫోను రాత్రి రెండింటికి మోగుతోంది. ఫోను మోగని చోటికి ఒక్కసారి వెళ్దాం." అందులో కాదనడానికేం లేదు. మా నాన్న వాదన ఇంకా సూటిగా ఉంది: "నీళ్ళ మధ్య పడుకోడానికి అన్ని లక్షలెందుకురా? మన లంకల్లో ఊరికే పడుకోనిస్తారు."

ఇద్దరి మాటా కాదనలేక, నాకు అలవాటైన పని చేశాను. చదవడం మొదలెట్టాను. చదివేకొద్దీ ప్రశ్న మారిపోయింది. ఎందుకంటే మారిషస్‌లో తెలుగువాళ్ళకి పాత పేరు కోరంగీలు. కోరంగి మా ఊరికి ఎంతో దూరం కాదు. ద్రాక్షారామం మీదుగా యానాం వెళ్ళి, కాకినాడ రోడ్డెక్కితే తాళ్ళరేవు దగ్గర వస్తుంది. ఇప్పుడు అక్కడికి మడ అడవులు చూడటానికి, చెక్కవంతెన మీద ఫొటోలు దిగడానికి వెళ్తారు. రెండువందల ఏళ్ళ కిందట అది తూర్పుతీరంలో పేరున్న రేవు, ఓడలు కట్టే చోటు, మరమ్మతు చేసే చోటు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరు 25న మరోసారి తుపాను ఉప్పెన దాన్ని ముంచేసింది. గోదావరి తెచ్చే ఒండ్రు మిగిలిన పని చేసింది. వ్యాపారం కాకినాడకి తరలిపోయింది. ఊరు చిన్నదైపోయినా, దాని పేరు మాత్రం సముద్రాలు దాటింది. రంగూన్‌లోనూ తెలుగు కూలీల్ని కోరంగీలనే పిలిచేవారు.

ఎందుకు వెళ్ళారు? ఇవాళ కోనసీమ పచ్చదనం చూసి ఈ ప్రశ్న అడిగితే జవాబు దొరకదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. అంతకుముందు ఈ డెల్టా ఒక ఏడు వరదతో, మరో ఏడు కరువుతో నడిచిన నేల. 1832-33లో గుంటూరు కరువు తెలుగు తీరాన్ని కుదిపేసింది. యానాం పక్కనున్న ఇంజరంలో ఈస్టిండియా కంపెనీకి బట్టల ఫ్యాక్టరీ ఉండేది, అంటే నేతగాళ్ళ దగ్గర బట్ట కొని ఎగుమతి చేసే కొఠీ. మాంచెస్టర్ బట్ట వచ్చాక ఆ ఎగుమతి కూలిపోయింది. 1833 చార్టర్‌తో కంపెనీ వ్యాపారమే మానేసింది. నేతగాళ్ళకీ, వాళ్ళ మీద ఆధారపడ్డ కూలీలకీ పని పోయింది.

యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళది. 1828లో అక్కణ్ణుంచి పదిహేనుమంది తెలుగు కూలీల్ని రియూనియన్ దీవికి చెరుకు తోటల పనికి తీసుకెళ్ళారు. దాని అప్పటి పేరు బూర్బన్, మారిషస్‌కి పక్క దీవి. హిందూ మహాసముద్రంలో ఒప్పందపు కూలీల కథ మొదలైన చోట్లలో యానాం ఒకటి. మనం వారాంతాల్లో వెళ్ళొచ్చే యానాం.

అక్కడి సంగతి కూడా చెప్పుకోవాలి. మారిషస్‌లో ఆదివాసులంటూ ఎవరూ లేరు. డచ్చివాళ్ళు వచ్చేసరికి అక్కడున్నది డోడో పక్షులు. తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచీ, మడగాస్కర్ నుంచీ బానిసల్ని తెచ్చారు. 1810లో బ్రిటిష్‌వాళ్ళు దీవిని గెలుచుకున్నారు. 1825లో మారిషస్ చక్కెర మీద సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేశారు. దాంతో దీవంతా చెరుకు. సరిగ్గా పదేళ్ళకి, 1835లో, బానిసత్వం రద్దయింది. తోటలున్నాయి, పనివాళ్ళు లేరు. ఆ ఖాళీలోకి వచ్చారు మనవాళ్ళు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని దింపింది. అప్పటినుంచి 1920ల దాకా దాదాపు అయిదు లక్షలమంది ఆ రేవులో దిగారు. వాళ్ళలో సుమారు మూడో వంతు మద్రాసు వైపు నుంచి, అంటే తమిళులూ తెలుగువాళ్ళూ. మొత్తం మీద తిరిగి వచ్చినవాళ్ళు కూడా మూడో వంతే. వాళ్ళు దిగిన చోటు పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం, అప్పటి ఒప్పందం. మొదటి రోజుల ఒప్పందాల్లో అయిదేళ్ళ పని, మగవాడికి నెలకి అయిదు రూపాయలు, రోజుకి రెండు పౌన్ల బియ్యం, కాస్త పప్పు, నెయ్యి, ఉప్పు. పంచె, కంబళి, ఉండటానికి గుడిసె, జబ్బు చేస్తే మందు, ఓడ ప్రయాణం. నా మెయిల్‌లో ఉన్న హోటల్ ప్యాకేజీలోనూ ఇవే వరసలున్నాయి: ప్రయాణం, వసతి, మూడు పూటలా భోజనం, వైద్య బీమా. దాన్ని ఆల్ ఇన్‌క్లూజివ్ అంటారు. తేడా ఏమిటంటే, నా తిరుగు టికెట్ రద్దు కాదు. వాళ్ళకి ఉచిత తిరుగు ప్రయాణాన్ని 1850ల మొదట్లో తీసేశారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. ఆదివారం పొద్దున కూడా తోటలో జీతం లేని వెట్టి ఉండేది. నేను లీవ్ పెడితే జీతంతో కూడిన లీవ్.

దీనికన్నా పెద్ద విషయం 1867 నాటి చట్టం. ఒప్పందం పూర్తయిన కూలీని పాత వలసదారు అనేవారు. చట్టప్రకారం అతను స్వేచ్ఛగా ఉన్న మనిషి. కానీ ఫొటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఉంటున్న జిల్లా దాటాలంటే పోలీసు పాస్ కావాలి. అవి లేకుండా రోడ్డు మీద దొరికితే దిమ్మరి కింద లెక్క. పట్టుకెళ్ళి శిక్ష వేస్తారు, వేగ్రెంట్ డిపోలో పెట్టి పని చేయిస్తారు. అంటే ఏ పనీ లేకుండా ఆ దీవిలో తిరగడం నేరం.

టూరిస్టు అంటే ఎవరు? ఏ పనీ లేకుండా తిరిగేవాడు. ఒకే దీవి, అవే రోడ్లు. ఒక కాలంలో మా జిల్లావాడు ఊరికే నడిచినందుకు జైలుకి వెళ్ళాడు. ఇప్పుడు నేను ఊరికే నడవడానికి లక్షలు కడతానంటున్నాను. ఈ చట్టాల మీద 1871లో 9,401 మంది పాత వలసదారులు విక్టోరియా రాణికి అర్జీ పెట్టుకున్నారు. దాన్ని ముందుండి నడిపినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట మేనేజరు. అందుకు తోటల యజమానులు అతన్ని బాగా వేధించారు. కానీ ఆ అర్జీ వల్లే 1872లో రాయల్ కమిషన్ వచ్చింది. వేలమంది నిశానీలు, సంతకాలు పెట్టి అడిగిందేమిటి? జీతం సరిగ్గా ఇవ్వమని. దానితో పాటు, రోడ్డు మీద నడుస్తుంటే పట్టుకోవద్దని.

ఇందులో మా ఊరివాళ్ళెవరైనా ఉన్నారా? చెప్పలేం. అసలు కోరంగీలందరూ గోదావరివాళ్ళు కారు. మారిషస్ తెలుగువాళ్ళు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పండుగ చేస్తారు. అంటే విశాఖ వైపువాళ్ళు బాగానే ఉన్నారన్నమాట. రేవు పేరే అందరికీ జాతి పేరైపోయింది. ఇంటిపేర్లు కూడా పోయాయి. రిజిస్టరులో గుమాస్తా ఒక్క పేరే రాసుకున్నాడు. తర్వాతి తరానికి తండ్రి పేరే ఇంటిపేరైంది. అలా అప్పడు, అప్పలసామి ఇంటిపేర్లయ్యాయి. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. గుడిలో, పెళ్ళిలో తెలుగు. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

హోటల్ బ్రోషర్‌లో రాసే నిశ్శబ్దం సంగతీ చూడాలి. 2019లో మారిషస్‌కి 13 లక్షలకు పైగా టూరిస్టులు వచ్చారు. దేశ జనాభా కన్నా ఎక్కువ. ఆ నిశ్శబ్దం సముద్రం ఇచ్చింది కాదు. గోడకట్టి, గేటు పెట్టి, వంటా శుభ్రం పనీ కంటికి కనపడకుండా చేయించి తయారుచేసేది. ఒకప్పుడు ఆ తీరానికి ఈ విలువ కూడా లేదు. 1867లో మలేరియా వేలమందిని చంపినప్పుడు పోర్ట్ లూయిస్‌లో డబ్బున్నవాళ్ళు ఎత్తుమీది క్యూర్‌పిప్‌కి పారిపోయారు. తీరం అంటే జ్వరం. విలువంతా చెరుకు నేలది.

ఇదంతా చదివి ఒక మిత్రుడు అన్నాడు: "ఇలా లెక్కేస్తే ఎక్కడికీ వెళ్ళలేవు. ధవళేశ్వరం ఆనకట్ట మాత్రం ఎవరు మోసిన రాళ్ళు?" నిజమే. కోనసీమ అందం కూడా ఎవరో కాలువలు తవ్వితే వచ్చిందే. చెమట అంటని అందమైన చోటు కావాలంటే భూమ్మీద దొరకదు. పైగా మారిషస్‌లో ఉంటున్నవాళ్ళు మన జాలి కోసం కాచుక్కూచోలేదు. 1968 మార్చి 12న స్వతంత్రం తెచ్చుకుని, ఆ దేశాన్ని తామే నడుపుకుంటున్నారు. వాళ్ళలో చాలామందికి టూరిజమే జీతం. నేను వెళ్ళకపోతే చరిత్రకి న్యాయం జరిగిపోదు.

ఇంకో మాట కూడా ఉంది. ఆ 9,401 మంది అడిగిన వాటిలో ఒకటి పని లేనప్పుడు పనిలేకుండా ఉండే హక్కు. ఆ అర్జీని గౌరవించడం అంటే విశ్రాంతిని తప్పుగా చూడటం కాదు. నాకు విశ్రాంతి కావాలి, మా ఆవిడకి ఇంకా ఎక్కువ కావాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నాకు అక్కర్లేనిదల్లా ఎవరూ లేని దీవి అనే అబద్ధం.

అందుకని వెళ్తున్నాం. ప్యాకేజీ మాత్రం మార్చాం. తీరం హోటల్లో ఎనిమిది రోజులు కాదు, నాలుగే. మిగిలిన నాలుగూ పోర్ట్ లూయిస్‌లో, ఊళ్ళోనే, గేటు లేని చిన్న బసలో. ఒక పూట ఆప్రవాసీ ఘాట్, దాని పదహారు మెట్లు. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్ళు దాక్కున్న ల మోర్న్ కొండకి ఒక రోజు. వలసదారుల రిజిస్టర్లూ, ఫొటోలూ మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాటిని ఎవరు, ఎలా చూడొచ్చో కనుక్కుంటున్నాను. ఎవరి పేరూ వెతకడానికి కాదు, ఆ టికెట్ల మీది మొహాలు చూడటానికి.

మా నాన్నకి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ముందు కోరంగి చూసి వెళ్ళరా, వాళ్ళు బయల్దేరింది అక్కణ్ణుంచేగా" అన్నారు. అన్ని ఓడలూ అక్కణ్ణుంచే బయల్దేరలేదని చెబుదామనుకున్నాను. కానీ వచ్చే ఆదివారం కోరంగి వెళ్తున్నాం, నాన్న కూడా వస్తున్నారు.