ముందు తీగ, తర్వాత హక్కు

నరసాపురం రేవులో పంటెక్కితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. ఆ మండలంలోని మోరికి 2016 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు!

అదే ఏడాది మిరాయ్ ప్రపంచాన్ని వణికించింది. అదేం బ్రహ్మవిద్య కాదు. 60 పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డులు వరసగా కొట్టి చూడటమే. కెమెరాలు, రౌటర్లు లక్షల్లో దొరికిపోయాయి.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తేల్చింది 2017 ఆగస్టు 24న. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో. అప్పుడు కూడా కంపెనీలకి అసలు బాధ్యతల విషయంలో 18 నెలల గడువిచ్చారు. అదీ వరస!

ఇంకో మెలిక ఉంది. బెంగుళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని ఊళ్ళో అమ్మావాళ్ళింట్లో కెమెరా పెట్టిస్తాం కదా, సొంతింటి అవసరానికి మనం చేసే ఆ పని చట్టం కిందకే రాదు. అంటే అక్కడ అమ్మ గోప్యతకి కాపలా మనమే అన్నమాట.

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో కెమెరా పాస్‌వర్డు చూశాను. అడ్మిన్! పెట్టింది నేనే.

మీరూ ఓసారి చూసుకోండి. కెమెరా ఎటు తిప్పాలో మాత్రం అమ్మనే అడగండి.